మన కంపెనీ కోసం ప్రార్థన

అమెరికాలో ఒక పెద్ద టీవీ కంపెనీ కష్టాల్లో పడిందని తెలిసిన రోజు మా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. మా మేనమామకి గుండె ఆపరేషన్ అయిన రోజు రెండోసారి పెరుగు వేయించుకున్న మనిషి. ఆ సంగతి గుర్తు చేస్తే, "వాడికి డాక్టర్లున్నారు. వీళ్ళకెవరున్నారే?" అంది.

ఇదంతా అర్థం కావాలంటే ముందు మిరపకాయ తొడిమ గురించి చెప్పాలి. మేం నల్లపాడులో ఉంటాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను, అమ్మ మిర్చి షెడ్డులో తొడిమలు తీస్తుంది. ఈ వయసులో ఆ ఘాటు నీకెందుకమ్మా అని ప్రతి సీజన్‌లోనూ పోట్లాడతాను. "ఇంట్లో కూర్చుంటే నా కథ ఎవరు వింటారు, నువ్వా?" అంటుంది. నేను వినను, నిజమే. ముప్పై మంది పిల్లలు పొద్దుట్నుంచి నా చెవుల్లో అరిచాక ఇంకో మనిషి గొంతు వినాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

షెడ్డులో ఎండు మిరపకాయల కుప్పల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, ఒక్కో కాయకీ తొడిమ గిల్లి బుట్టలో వేస్తారు. సాయంత్రం గుమాస్తా ఎవరి బుట్ట వాళ్ళకి తూకం వేసి, దాన్ని బట్టి కూలి ఇస్తాడు. తలకో గుడ్డ, ముక్కుకో గుడ్డ, మధ్యలో తుమ్ములు. నోరు మూసుకుని పొద్దస్తమానం ఆ పని చేయడం ఎవరివల్లా కాదు కాబట్టి ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. మా అమ్మ లాంటివాళ్ళు కథ చెబితే చేతులు పని మీద ఉండవు. ఏడుపు వస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకోవాలి, విలన్ వస్తే మీసం తిప్పాలి. అందుకని విన్నవాళ్ళందరూ తమ బుట్టల్లోంచి పిడికెడు కాయలు ఆమె బుట్టలో వేస్తారు. దాన్ని కథ పిడికెడు అంటారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. నేను వినడం లేదు, నేను వేయను అంటే కుదరదు. షెడ్డులో ఉన్నామంటే విన్నట్టే లెక్క.

కథ నచ్చకపోతే మాత్రం ఆ పిడికెడులో రంగు పోయిన తాలు కాయలు కలుస్తాయి. ఇంతకన్నా నిక్కచ్చి విమర్శకుల్ని నేను చూడలేదు.

ఇంకో మర్యాద కూడా ఉంది. మిర్చి షెడ్డులో ఫ్యాను పెట్టరు, పెడితే ఘాటు లేచి అందరూ దగ్గి చస్తారు. గాలి వచ్చేది ఒక్క పక్క తలుపులోంచే. ఆ తలుపు దగ్గర ఒక పీట ఉంటుంది. అది కథ చెప్పేవాళ్ళది. చాలా ఏళ్ళుగా ఆ పీట మా అమ్మది. ఆవిడకి మా ఇంటి పట్టా కన్నా ఆ పీట మీదే ఎక్కువ నమ్మకం.

అమ్మ చెప్పేది టీవీలో వచ్చే ఒక అమెరికా సీరియల్. తెలుగులో డబ్బింగు చేసి సాయంత్రాలు వేసేవాళ్ళు. మంచు పడే ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఉంటుంది. ఆమె మొగుడు పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. పోయాడని అంతా అంటారు, శవం మాత్రం దొరకలేదు. ఈలోపు బావగారు ఇంటి మీద కన్నేశాడు. మంచంటే ఏమిటని షెడ్డులో అడిగితే, "పత్తి పగిలినప్పుడు చేను చూడలా? ఊరంతా అట్టా ఉంటది, కాకపోతే కాలు పెడితే చల్లగా లోపలికి పోద్ది" అని చెప్పింది అమ్మ. శవం దొరకలేదంటే మనిషి బతికే ఉన్నాడని షెడ్డు మొత్తం తీర్మానించేసింది.

అమ్మకి ఒక నియమం ఉంది. ఆవిడ చర్చిలో సండే స్కూలు టీచరు. చూసిందే చెబుతుంది, చూడనిది చెప్పదు. కరెంటు పోయి సీరియల్ సగంలో ఆగితే మర్నాడు కథ కూడా సగంలో ఆగేది. "నువ్వే ఏదో ఒకటి కలిపి చెప్పకూడదా అక్కా?" అని అడిగితే, "ఆదివారం పిల్లలకి అబద్ధం చెప్పొద్దని చెప్పి, సోమవారం మీకు చెప్పమంటారా?" అనేది. పీటకి పోటీ ఉన్నా ఎవరూ గెలవలేకపోవడానికి ఇదే కారణం. ఒంగోలు నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన ఒక పిల్ల, మహా నోరున్నది, సినిమా కథల్లో తనకి తోచింది కలిపి గంటలో ముగించేసేది. ఒంగోలు పిల్ల బుట్టలో ఎప్పుడూ తాలు కాయలే.

ఇలా సాగుతుండగా ఒకరోజు ఫోనులో వార్త చూసి నోరు జారాను. "అమ్మా, నీ డాక్టరమ్మ సీరియల్ తీసే అమెరికా కంపెనీ మునిగిపోయేలా ఉంది."

అదే అన్నం తినని రోజు. అసలు అదెంత కంపెనీ అని అడిగింది. ఒకప్పుడు సాయంత్రం అయితే ఆ దేశమంతా ఆ ఛానల్ ముందే కూర్చునేదట. వాళ్ళు ఏడిపిస్తే ఏడ్చేవాళ్ళట, నవ్విస్తే నవ్వేవాళ్ళట. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, ఆ ఛానల్‌కి ముసలివాళ్ళు తప్ప మిగల్లేదు, ప్రకటనలు తగ్గాయి, అప్పులు పెరిగాయి అని నాకు అర్థమైనంత చెప్పాను.

"ముసలోళ్ళు చూస్తే చూసినట్టు కాదా?" అంది అమ్మ. కంపెనీ మీద ఆవిడకి సగం ప్రేమ ఆ ఒక్క మాటతో పుట్టింది. మర్నాటికి అది 'మన కంపెనీ' అయిపోయింది.

మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పే సమయం ఉంటుంది. ఎవరికి జ్వరం, ఎవరి కూతురికి పరీక్షలు, ఎవరి చేనుకి తెగులు, ఒక్కొక్కరే లేచి చెబితే పాస్టరు అయ్యగారు అన్నిటినీ కలిపి ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం అమ్మ లేచి నిలబడింది. నాకు అనుమానం వచ్చి కొంగు పట్టుకుని లాగాను. విదిలించేసింది.

"అయ్యగారూ, అమెరికాలో మనోళ్ళు చాలా ఇబ్బందిలో ఉన్నారండి. ఆస్తులన్నీ పోయేట్టున్నాయి."

"అయ్యో. మీకు ఏమవుతారమ్మా?"

"ఏమీ అవరండి. టీవీ కంపెనీ."

చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. నేను పాటల పుస్తకంలో మొహం పెట్టుకున్నాను. అయ్యగారు మంచి మనిషి, ఏ మనవినీ చిన్నదనరు. కాసేపు ఆలోచించి కళ్ళు మూసుకుని, "దయగల తండ్రీ, సముద్రాల అవతల ఆపదలో ఉన్న ఆ కంపెనీని నీ చేతుల్లో పెడుతున్నాం. దాన్ని కూలిపోనివ్వకు. దాని ఆదాయాన్ని దీవించు, అప్పుల్లోంచి విడిపించు" అన్నారు. ఆమేన్ అని అందరూ గట్టిగా అన్నారు. షెడ్డు ఆడవాళ్ళు మరీ గట్టిగా అన్నారు.

షెడ్డులో అమ్మ పక్కన కూర్చునే ముస్లిం ఆవిడ ఒకరున్నారు. పుట్టిల్లు అద్దంకి, అందరికీ అద్దంకి పిన్ని. "ఒక్క మీరే చేస్తే ఎట్టా వదినా, శుక్రవారం నేనూ దువా చేస్తా" అంది. ఒంగోలు పిల్ల ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. పోటీదారైనా డాక్టరమ్మ మొగుడు వస్తాడో రాడో తెలియకుండా బతకడం ఆ పిల్లకీ కష్టంగానే ఉంది. ఈ విధంగా మూడు మతాలవాళ్ళూ కలిసి ఒక అమెరికా కంపెనీ భారం నెత్తిన వేసుకున్నారు. అక్కడి షేర్ల మార్కెట్టుకి ఈ సంగతి తెలియకపోవడం వాళ్ళ దురదృష్టం.

నమ్ముతారో నమ్మరో, కొన్నాళ్ళకి ఇంకా పెద్ద కంపెనీ ఒకటి వచ్చి మన కంపెనీని కొనేసింది. అప్పులు తీరిపోయాయి, షేరు లేచింది. దేవుడు మన మొర విన్నాడని అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. నా భక్తి ఎంతో నాకు తెలుసు, ఆ పూట మాత్రం నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సోమవారం అమ్మ గిన్నెడు శనగ గుగ్గిళ్ళు చేసి షెడ్డంతా పంచింది. గుమాస్తా రెండు దోసిళ్ళు తిన్నాడు, ఎందుకు పంచారో అడగలేదు.

ఆ నెలాఖరులో ఒక సాయంత్రం డాక్టరమ్మ ఒంటరిగా ఇంట్లో కూర్చుంది. బయట మంచు తుఫాను. తలుపు ఎవరో కొట్టారు. ఆమె లేచింది, తలుపు దాకా వెళ్ళింది, గడియ మీద చెయ్యి వేసింది. ఆ రోజుకి సీరియల్ అక్కడితో అయిపోయింది.

మర్నాడు ఆ సమయానికి వంటల పోటీ వేశారు. ఆ తర్వాత రోజూ వంటల పోటీయే. నేను వెతికి చూస్తే, కొత్త యజమానులు డబ్బు రాని సీరియల్స్ అన్నీ ఒక్క కలం పోటుతో ఆపేశారని ఉంది. మన డాక్టరమ్మ కూడా అందులో ఉంది. ఏదో టీవీ సీరియల్ కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆ మాట అమ్మకి చెప్పాను.

విని టీవీ కట్టేసింది. తర్వాత, "మనం దేనికోసం ప్రార్థన చేశామే?" అని అడిగింది.

"కంపెనీ కోసం."

"కంపెనీ బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"అయితే దేవుడి తప్పేం లేదు. డాక్టరమ్మ సంగతి మనం అడగనే లేదు."

షెడ్డులో గోల మొదలైంది. తలుపు కొట్టింది ఎవరు? మొగుడా, బావగారా? అద్దంకి పిన్ని రెండు రాత్రులు నిద్రపోలేదని చెప్పింది. "మొగుడే అని చెప్పేయరాదూ పెద్దమ్మా, నీ సొమ్మేం పోయింది?" అని ఒంగోలు పిల్ల అంటే, "నేను చూళ్ళేదు" అంది అమ్మ. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ లేక పీట మీంచి లేచి, అందరి మధ్యా వెళ్ళి కూర్చుని తొడిమలు తీసింది. కథ లేకపోతే మా అమ్మ చెయ్యి మహా వేగం. ఆ వారం అందరికన్నా ఆవిడ బుట్టే ఎక్కువ తూగింది. ఇంటికి వచ్చిన మనిషి మొహం చూస్తే మాత్రం పైసా రానట్టుండేది. నా మీద నాకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆవిడ కథ ఒక్కటీ వినని నేను, ఆవిడ కథ చెప్పకపోతే ఇంట్లో కూర్చోలేకపోయాను.

కంపెనీకి మెయిల్ పెట్టమంటే పెట్టాను. అమ్మ చెప్పింది, నేను ఇంగ్లీషులో రాశాను. కష్టకాలంలో మీ కోసం ఏమేం చేశామో గుగ్గిళ్ళతో సహా రాయించింది. నిమిషంలో జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, అని ఉంది. అది మిషను పంపే జవాబమ్మా అని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. "ఊరికే విలువైందని ఎవరంటారే ఈ రోజుల్లో?" అంది.

అసలు మంచి పని నేను చేసింది తర్వాత, అదీ విసుగుతో. ఒక సాయంత్రం "ఇంతకీ వాళ్ళెందుకు అట్టా చేశారంట?" అని వందోసారి అడిగేసరికి, టీ గ్లాసు పక్కన పెట్టి ఫోను తీసి మొదటి నుంచీ చదివి వినిపించాను. ఒక్క రేడియో స్టేషనుతో మొదలుపెట్టిన పెద్దాయన. ఆయన పోయాక వాటాల కోసం కొట్టుకున్న పిల్లలు. అమ్మొద్దని చివరిదాకా ఒంటరిగా పోరాడిన పెద్ద కూతురు. ఆమెకి చెప్పకుండా చాటుగా బేరం కుదుర్చుకున్న మేనేజరు. కొన్న రోజున ఉద్యోగులందర్నీ కూర్చోబెట్టి, చిరునవ్వుతో 'ఏమీ మారదు' అని చెప్పి, పండగ రాకుండానే సగం మందిని పంపించేసిన కొత్త యజమాని.

అమ్మ టీ చల్లారిపోయింది. "ఇది నిజమేనా? ఎవరో అల్లింది కాదుగా?" అని అడిగింది.

"నిజమే. పేపర్లో వచ్చింది."

మర్నాడు పీట ఎక్కింది. ఆ తర్వాత షెడ్డుకి వేరే సీరియల్ అక్కర్లేకపోయింది. పెద్ద కూతురి పక్షాన అందరూ నిలబడ్డారు. మేనేజర్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నవ్వుతూ ముంచిన కొత్త యజమానికి 'నవ్వులాయన' అని పేరు పెట్టారు. కోర్టు, వాయిదా, షేరు పడింది, షేరు లేచింది, ఇంకో కంపెనీతో బేరం నడుస్తోంది. ఇది ఎప్పటికీ అయిపోయే కథ కాదు. రోజూ సాయంత్రం అమ్మకి సరుకు అందించడం నా డ్యూటీ అయింది. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దడం మానేసి అమెరికా వ్యాపార వార్తలు చదివేదాన్ని. కథ పిడికెడులో తాలు కాయ ఒక్కటీ ఉండేది కాదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం నేనే అమ్మకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. అలా వెళ్ళిన ఒకరోజు షెడ్డు షావుకారు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ వెనక ఒకతను టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. షావుకారు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అందరూ వినండి. షెడ్డు ఈయన కొనుక్కున్నారు, ఇకనుంచి ఈయనే చూసుకుంటారు. మీరెవరూ కంగారు పడమాకండి."

ఇస్త్రీ చొక్కా ఆయన చిరునవ్వు నవ్వాడు. "ఏమీ మారదమ్మా" అన్నాడు.

షెడ్డు గొల్లుమంది. పడీ పడీ నవ్వారు. ముక్కులకి కట్టుకున్న గుడ్డలు ఊడిపోయాయి. అద్దంకి పిన్నికి నవ్వూ తుమ్మూ కలిసి వచ్చి ఊపిరాడలేదు. "వచ్చాడమ్మా నవ్వులాయన!" అని ఎవరో అన్నారు. పాపం ఆయన, తన చొక్కాకి ఏమైనా అంటుకుందేమోనని కిందికీ పైకీ చూసుకున్నాడు.

"ఏమీ మారనప్పుడు ఆ టేపు దేనికండీ?" అని అడిగింది ఒంగోలు పిల్ల.

ఆ ప్రశ్నతో నవ్వు ఆగిపోయింది. టేపు అతను అప్పటికే పక్క తలుపు దగ్గరికి వచ్చి, అమ్మ పీటని కాలితో పక్కకి జరిపాడు. ఆ తలుపు మూసేసి అక్కడ సామాను పెట్టుకోవడానికి అరలు కట్టిస్తారట. మాటలు తగ్గించి పని చేసుకుంటే బాగుంటుందని కూడా ఇస్త్రీ చొక్కా ఆయన మెత్తగా అన్నాడు. పని చేసేటప్పుడు కథలేమిటని అడిగాడు.

అమ్మ లేచింది. నాకు చర్చి గుర్తొచ్చింది.

"మీ కథేనండీ మేం చెప్పుకునేది."

"నా కథా?"

"కంపెనీ కొన్నాయన కథ. వింటారా? విన్నవాళ్ళు పిడికెడు వేయాలి మరి, అది ఇక్కడి పద్ధతి."

ఆయనకి కుతూహలం ఎక్కువో, ఆడవాళ్ళందరూ కుప్పలు వదిలి చుట్టూ చేరేసరికి భయం వేసిందో, బస్తా మీద కూర్చున్నాడు. అమ్మ రేడియో స్టేషను పెద్దాయనతో మొదలుపెట్టింది. వాటాల గొడవ వచ్చేసరికి అద్దంకి పిన్ని ఆయన ఒళ్ళో నాలుగు కాయలు పడేసి తొడిమ ఎట్టా గిల్లాలో చూపించింది. ఆయన బుద్ధిగా గిల్లడం మొదలుపెట్టాడు. చాటు బేరం దగ్గర ముందుకి వంగాడు. పెద్ద కూతురు ఒంటరిగా మిగిలిపోయిన చోట, ఏదో నలుసు పడినట్టు, వేలితో కన్ను నలుపుకున్నాడు.

"అయ్యో, అయ్యో!" అని షెడ్డంతా అరిచింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన గంతులేస్తూ లేచాడు. రెండో చేత్తో రెండో కన్ను కూడా నలుపుకున్నాడు. ఒకరు బిందె తెచ్చారు, ఒకరు చేతులు పట్టుకున్నారు. అమ్మ ఆయన్ని నడిపించుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర పీట మీద కూర్చోబెట్టి, "కళ్ళు తెరిచి గాలికి పెట్టండి బాబూ, అదే తగ్గుద్ది" అని కొంగుతో విసిరింది. పొలాల మీంచి గాలి వస్తోంది. ఎర్రటి కళ్ళతో, తడిసిన ఇస్త్రీ చొక్కాతో ఆయన ఆ గాలిలో చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

టేపు అతను ఏదో అడగబోతే, చెయ్యి ఊపాడు. "ఈ తలుపు ఉండనీ" అన్నాడు. కాసేపాగి, "ఆ సగం మందినీ పంపించేశాక ఏమైందమ్మా?" అని అడిగాడు.

"రేపు రండి. మా అమ్మాయి ఫోన్ చూసి చెప్పాలి" అంది అమ్మ.

తలుపు నిలబడిందని షెడ్డంతా సంబరపడింది. అమ్మ మాత్రం ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారి పొడుగునా వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆ ఆదివారం మనవుల సమయంలో లేచి నిలబడింది. ఈసారి నేను కొంగు లాగలేదు. షెడ్డు చేతులు మారిందని చెప్పింది. అయ్యగారికి ఆ సంగతి అప్పటికే తెలుసు.

"తప్పకుండా అమ్మా. ఆ షెడ్డు వృద్ధి కోసం ప్రార్థన చేద్దాం."

"వద్దండి అయ్యగారూ" అంది అమ్మ. "షెడ్డుకేం, అది బాగానే ఉంటది. అందులో కూర్చునేవాళ్ళ కోసం చేయండి. మేం ముప్పై ఒక్కమందిమి. షెడ్డుతో కలిపెయ్యమాకండి, విడిగా చెప్పండి."

అయ్యగారు కళ్ళు మూసుకోబోయి ఆగారు. పేర్లు చెప్పమన్నారు. అమ్మ ఒక్కొక్కరి పేరే చెప్పడం మొదలుపెట్టింది. అద్దంకి పిన్ని పేరు చెప్పింది, ఒంగోలు పిల్ల పేరు చెప్పింది. తనది అందరికన్నా చివర చెప్పింది. కూర్చోబోయి మళ్ళీ లేచి, తలుపు దగ్గర నిలబడిపోయిన ఒక డాక్టరమ్మ కూడా ఉంది అంది.